లీకు సంరక్షణాధికారి

నీలపర్రు పురపాలక సంఘం వారి పంపుహౌసు వెనకాల పెద్ద గొట్టానికి ఒక లీకు ఉంది. ఉందంటే నిన్నమొన్నటిది కాదు. అది పుట్టిన రోజున చూసి "రేపొచ్చి కట్టేత్తాం లెండి" అన్న ఫిట్టరు రిటైరై, మనవల్ని ఎత్తుకుని, ఆ మధ్యే కాలం కూడా చేశాడు. లీకు మాత్రం దుక్కలా ఉంది. దాని కింద ఆటోలు కడుక్కునేవాళ్లు ఆటోలు కడుక్కుంటారు, గేదెల్ని తోముకునేవాళ్లు గేదెల్ని తోముకుంటారు. కొంగలున్నాయి, కప్పలున్నాయి, నడుమెత్తు గడ్డి ఉంది. ఊళ్లో ఎవరికైనా దారి చెప్పాలన్నా "లీకు దాటాక ఎడంచేతి సందు" అనే చెబుతారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ లీకు వల్ల ఊళ్లో ఎవరికీ కష్టం లేదు, ఒక్క సుబ్బమ్మపేటకి తప్ప. ఆ గొట్టానికి చిట్టచివర ఉన్నది సుబ్బమ్మపేట. నీళ్లన్నీ మొదట్లోనే పోతుంటే చివరికేం మిగులుతాయి? అక్కడి వీధి కుళాయి తిప్పితే ముందు ఉస్సుమని గాలి వస్తుంది. తరవాత కూడా గాలే వస్తుంది. పేటలో ఆడవాళ్లంతా బిందెలు చంకనేసుకుని రైలుగేటు అవతలున్న బోరింగు దాకా నడిచి వెళ్లాలి, గేటు పడితే నిలబడాలి, బోరింగు కొట్టాలి, మళ్లీ మోసుకుని రావాలి.

వాసంశెట్టి త్రిమూర్తులు కాపురం ఉంటున్నది ఆ పేటలోనే. ఆయన చేస్తున్న ఉద్యోగం పురపాలక సంఘంలో నీటి సరఫరాకి అసిస్టెంటు ఇంజినీరు. నీళ్ల ఇంజినీరు ఇంట్లో నీళ్లు లేవంటే జనం నవ్వరూ మరి? నవ్వారు. ఆయన భార్య మంగతాయారు బిందెతో వెళుతుంటే "ఏమ్మా, ఇంజినీరుగారు అలిగి నీళ్లు కట్టేశారా ఏంటి?" అని పరాచికాలాడేవారు. మొదట్లో తనూ నవ్వేది. పోనుపోను నవ్వడం మానేసింది. ఒకనాడు బోరింగు దగ్గర నాచు మీద కాలు జారి మోకాలు పొంగి ఇంటికొచ్చింది. ఆ పూట అన్నం వడ్డిస్తూ, "ఏవండీ, నాకు మీరు ఇంకేం చెయ్యొద్దు. ఆ కుళాయిలో నీళ్లు రప్పించండి, చాలు" అంది. కోప్పడి ఉంటే త్రిమూర్తులు తట్టుకునేవాడు. మామూలుగా అంది. అది ఆయనకి ముద్ద దిగనివ్వలేదు.

ఇక చూడండి, మనిషి పట్టుపట్టాడు. లీకు కట్టడానికి అనుమతి కోసం ఆఫీసులో బల్లబల్లకీ తిరిగాడు. ఒకరు సెలవులో ఉంటే ఇంకొకరు ట్రైనింగులో ఉన్నారు. ఇద్దరూ ఉన్న రోజున కరెంటు లేదు. పోయినేడు మొదలెడితే ఈ ఏడు మాఘమాసానికి కాగితం కిందికి దిగింది. లీకు మీద బిగించే కొత్త ఇనప కాలరు వచ్చింది, వెల్డరు వచ్చాడు. పేటకి పెద్దదిక్కు లాంటి మనిషి నూకరత్నం, వీధి మొదట్లో ఇడ్లీబండి నడుపుతుంది. ఆవిడ త్రిమూర్తుల్ని ఆపి మరీ అడిగింది.

"నిజంగా వత్తాయంటావా తిమూర్తులు బాబూ?"

"వస్తాయి పిన్నీ. ఈ ఎండాకాలం ఎవరూ గేటు దాటక్కర్లేదు. నాదీ పూచీ."

"నువ్వు గానీ రప్పించావంటే బాబూ, నీ పేరెట్టుకుంటాం మా మనవలకి."

మంచి రోజు చూసి త్రిమూర్తులు లీకు దగ్గర కొబ్బరికాయ కొట్టి, "ఊఁ, కానివ్వండి" అన్నాడు. గునపం పైకి లేచింది.

"ఆగండాగండి! బాబ్బాబు, ఆగండి!"

గోడవతల నుంచి గొడుగు ఊపుకుంటూ ఒకావిడ పరుగెత్తుకొచ్చారు. ఆవిడ భ్రమరాంబగారు, కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. పిల్లలకి మొక్కలు చూపిద్దామని బయల్దేరారట. ఊరవతలి చిత్తడినేల పెద్దపర్రకి వెళదామంటే పర్ర ఎక్కడుంది, అంతా రొయ్యల చెరువులైపోయె. పోనీ లీకు దగ్గరైనా నాలుగు మొక్కలుంటాయని ఇటొచ్చారు. ఆవిడ చెప్పులతోనే బురదలోకి దిగి, గడ్డికాడ ఒకటి తెంపి, వేళ్ల మధ్య అటూ ఇటూ దొర్లించారు. మూడు పలకల కాడ. కొసన రాగిరంగు కంకి. చూస్తుండగానే ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి.

"ఇదేంటో తెలుసాండీ మీకు?"

"తుంగ కదమ్మా. మా నాన్న వరిచేలో దీన్ని పీకి పీకి నడుం పోగొట్టుకున్నాడు" అన్నాడు త్రిమూర్తులు.

"ఆ తుంగ కాదండీ. ఇది రాగితుంగ. ఒకప్పుడు పర్ర నిండా ఇదే ఉండేదిట. వానాకాలం మోకాల్లోతు నీళ్లలో నిలబడేది, ఎండాకాలం గేదెలు తొక్కిన బురదలోంచి మళ్లీ లేచేది. పర్రతోపాటే పోయిందనుకున్నాం. మా మాస్టారు దీనికోసం వెతుకుతూనే పోయారండీ."

త్రిమూర్తులు మెత్తని మనిషి. గునపం దింపించాడు. "ఇప్పుడేం చేద్దామంటారు?" అన్నాడు.

"ఏముందండీ, రెండు గంపల దుబ్బులు తవ్వుకెళ్లి పర్రలో మిగిలిన మడుగులో నాటుకుంటాం. అక్కడైతే అది దాని ఇంట్లో అది ఉంటుంది. మీ లీకు మీరు కట్టేసుకోండి."

ఎంత చక్కటి మాట! ఇద్దరూ బుద్ధున్న మనుషులు కనక వ్యవహారం అక్కడే నిలబడి తేల్చేసుకున్నారు. దానితో అయిపోయి ఉంటే నాకు ఈ కథ చెప్పే శ్రమ తప్పేది. కానీ భ్రమరాంబగారు చట్టం తెలిసిన మనిషి. అరుదైన మొక్కని కదపాలంటే అనుమతి ఉండాలి కదా అని పైకి ఒక ముక్క రాసి పడేశారు.

పైన అంటే జిల్లా తడినేలల పరిరక్షణ మండలి. జిల్లాలో తడినేలలన్నీ ఆరిపోయాక ఏర్పడింది కనక ఆ మండలికి చేతినిండా తీరిక ఉంది. దాని ప్రత్యేకాధికారి పరాంకుశంగారు. మనిషి మంచివాడే, నిబంధనలంటే ప్రాణం. ఉత్తరం అందిన మర్నాడే జీపులో దిగి, లీకు చుట్టూ మూడుసార్లు తిరిగి, దణ్ణం పెట్టినంత పని చేసి, కమిషనరుగారి హాల్లో సమావేశం పెట్టారు. ఒక పక్కన భ్రమరాంబ, ఒక పక్కన త్రిమూర్తులు, వెనక వరసలో ఎందుకో రొయ్యల చెరువుల సంఘం అధ్యక్షుడు.

"ప్రొఫెసరుగారు, ప్రస్తావిత తుంగ జాతి యొక్క సహజ ఆవాసం ఏది?" అన్నారు పరాంకుశంగారు.

"పర్రండీ."

"అక్కడ ప్రస్తుతం ఉన్నదా?"

"లేదండీ. అందుకే అక్కడ నాటుదామని..."

"లేనిచోటు ఆవాసం ఎట్లవుతుందమ్మా? ఇల్లు ఖాళీ చేసి పోయినవాడికి పాతింటి చిరునామాకి ఉత్తరం రాస్తామా? ఏది ఎక్కడ ఉన్నదో అదే దాని సహజ ఆవాసం. నిబంధన అత్యంత స్పష్టంగా ఉన్నది. కావున పంపుహౌసు వెనుకనున్న నీటి కారుదలను సహజ ఆవాసంగా గుర్తించడమైనది. దాని యథాస్థితికి భంగం కలిగించు ఎట్టి చర్యయైనను శిక్షార్హము."

"మరి పర్ర సంగతి?"

"అక్కడ సంరక్షిత జాతులేవీ లేవని మీరే సెలవిచ్చారు. కాబట్టి అక్కడి చెరువుల విస్తరణకు మండలికి అభ్యంతరం లేదు." వెనక వరసలో చప్పట్లు మోగాయి. ఒక్క మనిషి చప్పట్లే, కానీ గట్టిగా మోగాయి.

భ్రమరాంబగారు తల పట్టుకున్నారు. త్రిమూర్తులు లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఆ లీకు కట్టకపోతే సుబ్బమ్మపేటకి నీళ్లెక్కవండీ. ఆడవాళ్లు చాలా..."

"లీకు అనే పదం ఇకమీదట వాడరాదు. అది కించపరచు మాట. జలధార అని వ్యవహరించవలెను. ఇక సుబ్బమ్మపేట. అక్కడివారు అంతరించిపోవు ప్రమాదంలో ఉన్నారా?"

"లేదండీ, జనం బాగానే ఉన్నారు, నీళ్లే..."

"అయినచో మా పరిధిలోకి రారు."

కమిషనరుగారు సంతోషం పట్టలేకపోయారు. ఇన్నాళ్లూ ఆ లీకు గురించి ఫిర్యాదులు తప్ప ఇంకేం వినలేదాయన. ఇప్పుడది ఊరికే ఘనత. వెంటనే, లీకు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు త్రిమూర్తులే కనక, ఆయన్నే దానికి సంరక్షణాధికారిగా వేసేశారు. ఒక టోపీ ఇచ్చారు, ఒక ఈల ఇచ్చారు. ఇంటికెళ్లి ఆ టోపీ ఎక్కడ దాచాలో తెలియక త్రిమూర్తులు బియ్యం డబ్బా వెనకాల పెట్టాడు. మంగతాయారుకి బియ్యం తీస్తుంటే కనబడింది. దుమ్ము దులిపి మేకుకి తగిలించింది.

అక్కణ్ణించి మొదలైంది సంబడం. లీకు చుట్టూ కంచె వేశారు. ఇద్దరు కాపలావాళ్లని పెట్టారు. ఆటోలవాళ్లని తరిమేశారు. గేదెల్ని మాత్రం లెక్కరాసుకుని ఉండనిచ్చారు, ఆవాసంపై ఆధారపడిన జీవులకి నీరు నిరాకరించరాదని నిబంధనట. కప్పల్నీ కొంగల్నీ కూడా రాసుకున్నారు, వాటికి 'ఆశ్రిత జీవులు' అని పేరు.

ఒకనాడు పరాంకుశంగారు వచ్చేసరికి కరెంటు పోయి మోటారు ఆగి ఉంది. మోటారు ఆగితే గొట్టంలో నీళ్లాగుతాయి, గొట్టంలో నీళ్లాగితే లీకూ ఆగుతుంది. ఆయన మొహం పాలిపోయింది.

"ఏమిటీ నిర్లక్ష్యం! జలధార ఎక్కడ?"

"కరెంటొస్తే వస్తుందండీ."

"వన్యజాతులు కరెంటు కోసం నిరీక్షించవలెనా? ఇక మీదట రేయింబవళ్లు మోటారు నడవవలెను. జనరేటరు పెట్టండి. ధారకు తగు పీడనం ఉండుటకై పట్టణ సరఫరాను అవసరమైనంత మేర తగ్గించండి."

తగ్గించారు. దానితో సుబ్బమ్మపేట కుళాయిలో గాలి కూడా రావడం మానేసింది. ఊళ్లో మిగతా పేటలవాళ్లకి కూడా అప్పుడు తెలిసొచ్చింది నీళ్లంటే ఏమిటో. అంతటితో ఆగారా? ఉన్న ఒక్క లీకుకీ ఏదైనా అయితే ఎలా అని ప్రత్యామ్నాయ లీకు ఒకటి మంజూరు చేశారు. లీకు కట్టడానికని వచ్చిన వెల్డరే దానికి రంధ్రం కొట్టాడు. కమిషనరుగారు రిబ్బను కత్తిరించారు, ఛైర్మనుగారు కొబ్బరికాయ కొట్టారు, నీళ్లు ఎగజిమ్మి పంతులుగారి మీద పడ్డాయి. ఫొటోలో త్రిమూర్తులు టోపీతో చివర నిలబడి ఉన్నాడు. పెళ్లికొచ్చి భోజనం దొరక్క తిరిగెళ్లేవాడి మొహం.

చైత్రం దాటాక ఎండలు మండిపోయాయి. జనరేటరు చెడిపోయింది. పరాంకుశంగారు అత్యవసర ఉత్తర్వు పంపారు, తుంగకి టాంకరుతో నీళ్లు తోలమని. ఊరంతటికీ ఉన్నది ఒకే టాంకరు. అది పక్కూరి కాలవ దగ్గర నింపుకుని సుబ్బమ్మపేట మీదుగానే పంపుహౌసుకి రావాలి. ముందు సీట్లో త్రిమూర్తులు కూర్చున్నాడు. పేట మొదట్లో ఆడవాళ్లంతా బిందెలతో అడ్డంగా నిలబడి ఉన్నారు. టాంకరు తమకే వచ్చిందనుకున్నారు పాపం. నూకరత్నం పసుపు కుంకుమ కూడా తెచ్చింది బండికి పెట్టడానికి.

త్రిమూర్తులు కిందికి దిగాడు. ఎలా చెప్పాలో తెలియలేదు.

"పిన్నీ, ఇవి... ఇవి మనకి కాదు. తుంగకి."

పసుపు పళ్లెం పట్టుకుని నూకరత్నం ఆయన్ని ఎగాదిగా చూసింది.

"గడ్డికా?"

"అవును పిన్నీ."

"గడ్డికి టాంకరేటి బాబూ? దానికి రేషను కార్డుందా? ఓటుందా? మేం ఇంటిపన్ను కట్టట్లేదా? సిగ్గు లేదటయ్యా మీ ఆఫీసుకి?"

"నేనేం చెయ్యను పిన్నీ? ఆ గడ్డి ఎక్కడుంటే అక్కడికి నీళ్లివ్వాలని రూలు."

అన్నాడు, అని టాంకరెక్కాడు. ఆడవాళ్లు దారిచ్చారు. వాళ్లలో మంగతాయారు కూడా ఉంది. ఆవిడ పక్కకి జరిగేటప్పుడు కుంటడం అద్దంలోంచి కనబడింది. త్రిమూర్తులికి ఆ క్షణాన ఆ టోపీ తీసి టాంకరు చక్రం కింద పడేద్దామనిపించింది. కానీ ఉద్యోగం. పిల్లలిద్దరి చదువులు. తల దించుకు కూర్చున్నాడు.

అయితే ఆ మాట ఆయన ఊరికే అన్నాడు గానీ నూకరత్నం ఊరికే వినలేదు. "ఆ గడ్డి ఎక్కడుంటే అక్కడికి నీళ్లు" అన్న మాట ఆవిడ బుర్రలో గింగిర్లు తిరిగింది. మర్నాటి మధ్యాహ్నం కంచె దగ్గర కాపలావాళ్లు భోంచేసి జనరేటరు షెడ్డులో గురకపెడుతున్న వేళ, పేట ఆడవాళ్లు నలుగురు గేదెలతో పాటు తిన్నగా లోపలికి నడిచి వెళ్లి, ఇడ్లీగిన్నెల్లో దుబ్బులు పెట్టుకుని తిన్నగా బయటికొచ్చేశారు. వీధి కుళాయి చుట్టూ నాటారు. బియ్యం కడుగు పోశారు, గిన్నెలు తొలిచిన నీళ్లు పోశారు. తుంగ సంగతి తెలిసిందే కదా, చంపుదామంటే చావదు. ఇంకొన్నాళ్లకల్లా కుళాయి దిమ్మ చుట్టూ పచ్చగా లేచి నిలబడింది, కొసన రాగిరంగు కంకులతో సహా.

ఇంట్లో అట్లకాడకి బురద అంటుకుని ఉండడం త్రిమూర్తులు చూశాడు. "ఇదేంటి?" అన్నాడు.

"అట్లు మాడాయి" అంది మంగతాయారు.

చాలా ఏళ్ల తరవాత ఆవిడ మొహంలో నవ్వు చూశాడు. తనే వెళ్లి పరాంకుశంగారికి కబురు చేశాడు, సుబ్బమ్మపేటలో రాగితుంగ కనబడిందని.

జీపు దిగి పరాంకుశంగారు తుంగని చూశారు, కుళాయిని చూశారు, చుట్టూ అమాయకంగా నిలబడ్డ ఆడవాళ్లని చూశారు.

"ఇది ఎవరైనా తెచ్చి నాటారా?"

"అయ్యో, మాకేం తెలుసండీ బాబూ. గడ్డి కదండీ, మొలిచింది" అంది నూకరత్నం.

కాపలావాళ్లు ముందుకొచ్చి, మా కంచెలోంచి ఒక్క పరక కూడా బయటికి పోలేదని ప్రమాణం చేశారు. పోయిందని ఒప్పుకుంటే వాళ్ల ఉద్యోగాలు పోతాయి, వాళ్లని వేసినందుకు పరాంకుశంగారి మీదకీ వస్తుంది. ఆయన కాసేపు ఆకాశం వంక చూసి తీర్పిచ్చారు.

"మా సంరక్షణలో చౌర్యమునకు అవకాశము లేదు. చౌర్యము జరగనందున ఇది స్వయంగా ఉద్భవించినదే. స్వయంగా ఉద్భవించినందున ఇది సహజ ఆవాసమే. ఆవాసమునకు నిరంతర జలం అందించుట ప్రభుత్వ బాధ్యత."

చెప్పొద్దూ, సర్కారు తలచుకుంటే ఏ పనైనా ఎంతసేపు! ఎన్నేళ్లు అర్జీలు పెట్టినా రాని గొట్టం, గడ్డి కోసం ఆగమేఘాల మీద వచ్చేసింది. మంచినీళ్ల చెరువు నుంచి నేరుగా సుబ్బమ్మపేట కుళాయికి కొత్త లైను. దాన్ని వేయించినవాడు త్రిమూర్తులే. వాల్వు తిప్పిన రోజున నీళ్లు ధారగా వచ్చి తుంగ మొదట్లో పడుతుంటే పిల్లలు గంతులేశారు. నూకరత్నం కొంగుతో కళ్లొత్తుకుంది. మంగతాయారు బిందె తీసుకొచ్చి కుళాయి కింద పెట్టింది.

అప్పుడు ఈల వినబడింది. కాపలావాడు బోర్డు పాతుతున్నాడు. 'ఇది సంరక్షిత ఆవాసము. ఇచట నీరు పట్టుకొనుట నిషిద్ధము.'

వీధి వీధంతా త్రిమూర్తుల వంక తిరిగి చూసింది. ఎవరేమన్నా బాగుండేది. మంగతాయారు ఖాళీ బిందె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. కళ్లెదుట నీళ్లు కారుతున్నాయి, ముట్టుకోవడానికి లేదు. ఇంతకంటే గాలి వచ్చిన రోజులే నయమనిపించింది ఆయనకి.

ఆ రోజు ఆయన అన్నం తినకుండా మండలి నిబంధనలు ముందేసుకు కూర్చున్నాడు. మర్నాడు తెల్లచొక్కా తొడుక్కుని పరాంకుశంగారి ఆఫీసుకి వెళ్లాడు.

"ఆశ్రిత జీవులకి నీరు నిరాకరించరాదని ఉంది కదండీ?"

"నిస్సందేహంగా."

"సుబ్బమ్మపేటలో కొన్ని ఆశ్రిత జీవులున్నాయండీ. ఆ నీళ్ల మీదే ఆధారపడ్డాయి. రాసుకోకపోతే పాపం."

"ఏ జీవులు? కప్పలా?"

"ఆడవాళ్లండీ. పిల్లలూ, ముసలాళ్లూ కూడా."

పరాంకుశంగారు కళ్లజోడు తీశారు. మనుషులు జీవులెట్లవుతారన్నారు. కారని నిబంధనలో ఎక్కడుందో చూపించమన్నాడు త్రిమూర్తులు. ఆయన పుస్తకం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదివారు. లేదు. చదువుతుంటే ఆయన మొహం వికసించింది. మండలి వార్షిక నివేదికలో ఆశ్రిత జీవుల సంఖ్య ఒక్కసారిగా ఎంత పెరుగుతుందో ఆయనకి తట్టింది. రాష్ట్రంలో ఇంకే జిల్లాకీ అన్ని ఉండవు.

"కాని ఒక చిక్కున్నది. జీవులు నీరు తాగవచ్చును. పాత్రలలో పట్టుకుపోరాదు. కొంగ బిందె తెస్తుందా?"

"కొంగ ముక్కుతో పట్టుకెళ్లి పిల్లల నోట్లో పెడుతుంది కదండీ. వీళ్లకి ముక్కు బదులు బిందె."

ఆయన కలం తీసి సంతకం పెట్టారు. 'సదరు జీవుల విషయమున బిందెను దేహాంగముగా పరిగణించడమైనది.'

బయటికొచ్చి త్రిమూర్తులు మెట్ల మీద కూలబడ్డాడు. గెలిచాడు. కానీ ఇది వాళ్లకి ఏ మొహంతో చెప్పాలి? ఇన్నేళ్లు తనని బాబూ అని పిలిచినవాళ్లని, కన్నబిడ్డల్ని, కట్టుకున్నదాన్ని కప్పల వరసలో రాయించి వచ్చాడు.

పేటలో అందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నూకరత్నం పొట్టచెక్కలయ్యేలా నవ్వింది.

"ఓట్లుంటాయా బాబూ?"

"ఉంటాయి పిన్నీ. అది వేరే డిపార్టుమెంటు."

"అయితే రాసుకోమను. మనుషులం మనుషులం అని ఇన్నాళ్లూ వొకటే మొత్తుకున్నాం, ఎవుడిన్నాడు?"

అలా సుబ్బమ్మపేటకి నీళ్లొచ్చాయి. ఎదురింటి అరుగు మీద మండలివారి పరిశీలకుడు ఒకాయన దుర్భిణీ పెట్టుకుని కూర్చునేవాడు, జీవులు బెదరకుండా దూరం నుంచే చూడాలట. మంగతాయారు ఒకసారి అటుగా వెళుతూ ఆయన పుస్తకంలోకి తొంగి చూసింది. 'ఉదయం గుంపులుగా వచ్చును. పరస్పరం కలహించుకొనును. ధ్వని అధికం. దేహాంగము ఇత్తడిది కొన్నింటికి, ప్లాస్టిక్కుది కొన్నింటికి' అని ఉంది.

ఆ ఎండాకాలం గడిచిపోయింది. బోరింగు ఊసే లేదనుకుని త్రిమూర్తులు స్థిమితపడ్డాడు. లీకు పర్యవేక్షణతో ఇంటికి ఏ రాత్రికో గానీ చేరేవాడు కాదు, రాగానే కుండలో నీళ్లు ముంచుకుని తాగి పడుకునేవాడు. ఒకనాటి సాయంత్రం మాత్రం పెందలాడే వస్తుంటే రైలుగేటు దగ్గర మంగతాయారు కనబడింది. చంకలో బిందె. కుంటుతోంది.

"ఇదేంటి! కుళాయిలో నీళ్లు రావట్లేదా?"

"బంగారంలా వస్తున్నాయి."

"మరి ఇదెందుకు?"

"ఇది మీకండీ" అంది బిందె మార్చుకుంటూ. "అవి మా నీళ్లు. మీరు గవర్నమెంటు ఉద్యోగి కదా, మిమ్మల్ని జీవుల్లో రాయడానికి వీల్లేదట. మీరు గానీ ఆ నీళ్లు తాగితే ఉద్యోగం పోద్దని దుర్భిణీ ఆయన మొదటిరోజే చెప్పాడు. మీతో అంటే బాధపడతారని..."

పేటలో ఒక్క గడప కూడా గేటు దాటడం లేదు. ఆ మోకాలితో ఒక్క మంగతాయారే దాటుతోంది, రోజూ, తన కోసం. కుళాయివే అనుకుని ఆ బోరింగు నీళ్లే ఇన్నాళ్లూ కుండలోంచి ముంచుకుని తాగాడు. బిందె లాక్కుని తన భుజానికెత్తుకున్నాడు.

ఇంటి ముందు నూకరత్నం కాచుక్కూర్చుని ఉంది. ఒళ్లో పాతచీరలో చుట్టిన పసిగుడ్డు. కోడలికి కూతురు పుట్టింది.

"నీకోసమే చూత్తన్నాను బాబూ. దీన్ని కూడా రాసెయ్యి."

"ముందు మునిసిపాలిటీలో జనన నమోదు చేయించాలి పిన్నీ. మనిషి పుట్టిందని..."

"అది తరవాత చూద్దాం లేవయ్యా. అందులో రాయించుకున్నోళ్లం ఇన్నేళ్లూ గాలి తాగాం. ముందు ఇందులో రాయి."

త్రిమూర్తులు జీవుల పట్టిక తెచ్చి అరుగు మీద పెట్టుకుని, 'పిల్ల ఒకటి, ఆడది' అని రాశాడు. కలం మూత పెట్టబోయి ఆగాడు. మంగతాయారు గడపలో కూర్చుని మోకాలు ఒత్తుకుంటోంది. మళ్లీ కలం తీసి, పసిదాని కింది వరసలో, 'వాసంశెట్టి త్రిమూర్తులు, మగది' అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాడు. టోపీ మేకుకే ఉంది, దాని జోలికి పోలేదు. నేరుగా కుళాయి దగ్గరికి నడిచి, తుంగ పక్కన గొంతుక్కూర్చుని, దోసిలి పట్టాడు.

ఎదురు అరుగు మీద పరిశీలకుడు దుర్భిణీ సర్దుకుని పుస్తకంలో రాసుకున్నాడు: 'సాయంత్రం. గుంపులోకి కొత్తగా మగది ఒకటి వచ్చి చేరినది. చాలాకాలంగా దాహముతో ఉన్నట్లు తోచినది.'